ఒకరికొకరం ఊతగా: సంఘ పరామర్శ కమిటీ వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియులైన సంఘ సభ్యులకు పరామర్శ కమిటీ వందనాలు.

సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్న ఈ నివేదికలో జమాఖర్చులు లేవు. అవి కోశాధికారి గారి పత్రంలో వేరుగా ఉన్నాయి. ఎన్ని ఇళ్లకు వెళ్లాం, ఎన్ని కూడికలు పెట్టాం అనే అంకెలు కూడా కావాలనే ఇవ్వడం లేదు. అంకెలు చదివితే పని జరిగిందని తెలుస్తుంది గానీ, వచ్చే ఏడాది ఈ పని అందుకునేవాళ్లకు అది ఎలా చెయ్యాలో తెలియదు. అందుకే ఏ పని ఏ పద్ధతిలో చేస్తున్నాం, అది ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నవే రాశాం.

మొదటి థెస్సలొనీకయుల పత్రిక 5వ అధ్యాయం 14వ వచనం ఏడాది పొడవునా మాకు కొలత. అక్రమంగా నడిచేవాళ్లకు బుద్ధి చెప్పమని, ధైర్యం చెడినవాళ్లను ధైర్యపరచమని, బలహీనులకు ఊతనివ్వమని, అందరిపట్లా దీర్ఘశాంతం చూపమని పౌలు అక్కడ రాశాడు. మనుషులు మూడు రకాలు, చెయ్యాల్సిన పనులూ మూడు. ఆదరణ పేరుతో సంఘాల్లో జరిగే నష్టం చాలావరకు ఈ మూడింటినీ కలగలిపేయడం వల్లనే. ధైర్యం చెడి మంచం దిగలేని మనిషికి కూర్చోబెట్టి బుద్ధి చెబుతాం. భార్య పుస్తెలు తాకట్టు పెట్టి తాగేవాడికి "దేవుడున్నాడులే తమ్ముడూ" అని ధైర్యం చెబుతాం. బియ్యం నిండుకున్న ఇంటికి వెళ్లి వాక్యం చదివి, ప్రార్థన చేసి, టీ తాగి వస్తాం. మూడు చోట్లా మన ఉద్దేశం మంచిదే. మూడు చోట్లా ఎదుటి మనిషికి అందాల్సింది అందలేదు.

మనది లూథరన్ సంఘం కాబట్టి ఇంకో మాట. సువార్త మనిషికి ఏయే దారుల్లో అందుతుందో 1537 నాటి స్మాల్కాల్డ్ ఆర్టికల్స్ అనే విశ్వాస పత్రం మూడో భాగంలో లూథర్ చెప్పాడు. ప్రసంగం, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, పాపక్షమాపణను ప్రకటించే తాళపుచెవుల అధికారం చెప్పి, వాటి పక్కనే సహోదరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడాన్ని, ఒకరినొకరు ఆదరించుకోవడాన్ని చేర్చాడు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి ఈ ప్రాంతంలో ఆ నమ్మకాన్ని ఒప్పుకుంటున్న సంఘాలం మనం. కాబట్టి పరామర్శను ఆరాధన అయ్యాక తీరిక ఉంటే చేసే అదనపు పనిగా చూడకూడదన్నది కమిటీ గట్టి అభిప్రాయం.

ఇంటి గుంపులు

ప్రతి గురువారం రాత్రి వంతులవారీగా ఒక్కో ఇంట్లో కూడే కుటుంబాల గుంపులివి. మిగతా పనులన్నీ వీటి మీదే ఆధారపడి ఉన్నాయి. ఒక్కో గుంపులో 6 నుంచి 8 కుటుంబాలు. 5 కంటే తగ్గితే రెండు కుటుంబాలు ఊరికెళ్లిన వారం కూడిక ఆగిపోతుంది. 10 దాటితే వెనక కూర్చున్నవాళ్లు నోరు తెరవరు, అది మరో చిన్న ఆరాధన అవుతుంది తప్ప మాటామంతీ జరగదు.

వీధుల వారీగా గుంపులు వేయడం సులువు. కానీ మన పేటలు ఎలా ఏర్పడ్డాయో మనందరికీ తెలుసు. వీధిని బట్టి వేస్తే ఒకే బంధువర్గం, ఒకే కులం ఒక గుంపులో పడుతుంది. ఆదివారం ప్రభురాత్రి భోజనానికి ఒకే బల్ల దగ్గర మోకరించి, గురువారం ఎవరి పేటలో వాళ్లం కూర్చుంటే ఆ బల్లకు అర్థం లేదు. అందుకని ప్రతి గుంపులో కనీసం రెండు కుటుంబాలు వేరే పేటవి ఉండేలా చూస్తున్నాం. మొదటి నెలా రెండు నెలలూ హాజరు పల్చగా ఉంటుంది. "వాళ్లింటికి మేమెందుకు" అన్నమాట నేరుగా అనరు, "దూరం" అంటారు. దానికి వాదన పనికిరాదు. మొదటి రెండు కూడికలు సంఘ పెద్దల ఇళ్లలో కాకుండా, ఎవరింటికి వెళ్లడానికి జనం వెనకాడతారో ఆ ఇంట్లోనే పెట్టి, పాస్టరు గారు, ఆయన భార్య అమ్మగారు ముందుగా వచ్చి కూర్చుంటే సగం దూరం తగ్గుతుంది.

కూడిక గంట దాటకూడదు. ఒక కీర్తన, చిన్న పాఠం కలిపి 15 నిమిషాలు. తర్వాత 25 నిమిషాలు మాట్లాడుకోవడం: ప్రతి ఒక్కరూ ఈ వారం దేవునికి కృతజ్ఞత చెప్పదగినది ఒకటి, బరువుగా ఉన్నది ఒకటి చెబుతారు. వినేవాళ్లు సలహా ఇవ్వకూడదు, ప్రశ్న అడగొచ్చు. పాటించడానికి అన్నిటికంటే కష్టమైన నియమం ఇదే. మిరపకు పురుగు పట్టిందని ఒకరు చెప్పగానే నలుగురు నాలుగు మందుల పేర్లు చెబుతారు, మాట పంట మీదికి పోతుంది, ఆ మనిషికి నిద్ర పట్టడం లేదన్న సంగతి అక్కడే ఉండిపోతుంది. "అప్పుడు మీకేమనిపించింది?", "ఇంట్లో ఎవరితోనన్నా చెప్పారా?" లాంటి ప్రశ్నలు గుంపు నాయకులకు ముందే నేర్పిస్తున్నాం. మిగిలిన 20 నిమిషాలు ఇద్దరిద్దరుగా ప్రార్థన. ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో. జతలు మూడు నెలలకోసారి మారతాయి. గుంపంతటిలో నోరు విప్పనివాళ్లు జతలో మాట్లాడతారు. ప్రభువు ప్రార్థనతో ముగింపు.

టీ, బిస్కెట్లు మాత్రమే ఇవ్వాలన్న నియమాన్ని కొందరు కఠినం అన్నారు. దాన్ని సడలించవద్దని మా మనవి. ఒకరు ఉప్మా పెడితే తర్వాతి వారం ఇంకొకరు గారెలు వండుతారు, ఆపై వారం బిర్యానీ వస్తుంది. రేకుల ఇంట్లో ఉండే కుటుంబం తన వంతు వచ్చేసరికి ఊళ్లో పనుందని చెప్పి తప్పుకుంటుంది. అలా తప్పుకున్న ఇల్లు మళ్లీ కూడికకు రాదు.

మిరపకాయ కోతల కాలంలో, అంటే జనవరి నుంచి మార్చి దాకా, గురువారం రాత్రి కూడికలు నడవవు. తెల్లవారుజామున ఆటో ఎక్కి పొలం వెళ్లి, పొద్దుగూకి తిరిగొచ్చి, మంటెత్తే చేతులతో వంట చేసుకునే అక్కచెల్లెళ్లను 8 గంటలకు పాటలు పాడమనడం న్యాయం కాదు. ఆ మూడు నెలలు ఆదివారం ఆరాధన అయిన వెంటనే గుడి ఆవరణలోనే, చెట్టు కింద, అరగంట కూడిక. ఈస్టర్‌కు ముందు జరిగే శ్రమకాల ధ్యానాలు కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే పడతాయి. బుధవారం ధ్యానాలకు రాని కూలి కుటుంబాలను భక్తి తగ్గినవాళ్లుగా లెక్కగట్టవద్దని పెద్దలను కోరుతున్నాం.

జబ్బు చేసిన ఇల్లు, ఆసుపత్రి

ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం. ఎక్కువ మంది చేసే పనీ, మంచి మనసుతోనే ఎక్కువగా చెడగొట్టే పనీ ఇదే.

ఆసుపత్రికి ఇద్దరే వెళ్లాలి. వార్డులో 15 నిమిషాలకు మించి ఉండకూడదు. సందర్శన వేళలు ముందు కనుక్కోవాలి. చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాలి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు వెళ్లకూడదు. ప్రార్థన రోగికి వినిపిస్తే చాలు, పక్క మంచాలకు వినిపించనవసరం లేదు. ప్రార్థించే ముందు "ప్రార్థన చెయ్యమంటారా?" అని అడగాలి. నొప్పితో ఉన్న మనిషికి ఒక్కోసారి చెయ్యి పట్టుకుని కూర్చోవడమే చాలు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద అతనితో మౌనంగా కూర్చున్నంతసేపు చేసింది మంచి పరామర్శే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే అది బాధగా మారింది. "ఏదో ఒప్పుకోని పాపం ఉండి ఉంటుంది", "విశ్వాసం చాలలేదేమో" అనే మాటలు సంఘం తరఫున వెళ్లినవాళ్ల నోట రాకూడదు. "మా బాబాయికీ ఇదే వచ్చింది, ఆర్నెల్లు కూడా..." అంటూ మొదలయ్యే కథలూ వద్దు.

ఏం తీసుకెళ్లాలో అడిగి తీసుకెళ్లాలి. యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసా అలవాటుగా కొంటాం; షుగర్ ఉన్న మనిషికి అవి పనికిరాకపోవచ్చు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ల విషయంలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. కొబ్బరి బొండాలు, అరటిపళ్లు, కమలాపళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు పనిచేయని మనిషి ఒంట్లో అది బయటికి పోక పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది. నీళ్లకు కూడా వాళ్లకు రోజువారీ కొలత ఉంటుంది. "ఎండన పడి వచ్చారు, బొండాం తాగండి" అని ప్రేమగా బలవంతం చెయ్యడం అక్కడ ప్రమాదం. ఈ సంగతి గుంపు నాయకులందరికీ తెలియాలి.

డయాలసిస్‌ వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు, ఏళ్ల తరబడి సాగుతుంది. ఇలాంటి ఇంటికి ఒక్కసారి పదిమంది వెళ్లడం వల్ల ఒరిగేది తక్కువ. ఒక గుంపు నెలకు రెండు వంతులు తన మీద వేసుకుని, ఆ రోజు ఒకరు బండి మీద తీసుకెళ్లి, తిరిగి ఇంట్లో దించితే, ఆ ఇంటి కొడుకు ఆ పూట కూలికి వెళ్లగలుగుతాడు. ఇంటికి కలిగే ఊరట అక్కడుంది.

రోగికి తోడున్నవాళ్లను అందరూ మరచిపోతారు. ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని పడుకునే భార్యనో, కూతురినో పలకరించి, "మీరు తిన్నారా? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగాలి. మేం నడుపుతున్న పద్ధతి ఇది: రాత్రి 8 నుంచి ఉదయం 6 వరకు తోడు పడుకోవడానికి గుంపు నుంచి ఒకరు, రోగి ఆడవాళ్లయితే ఆడవాళ్లే. ఉదయం 7కి ఇడ్లీ, మధ్యాహ్నం 12.30కి మూడు గిన్నెల క్యారియర్‌లో అన్నం, పప్పు, కూర, తోడున్న ఇద్దరికి సరిపడా. క్యారియర్ మూత మీద పేరు రాసిన ప్లాస్టర్ అంటించాలి. ఖాళీ క్యారియర్ తిరిగివ్వాలన్న దిగులు ఆ కుటుంబానికి పెట్టకుండా, మర్నాడు తెచ్చేవాళ్లే పాతది పట్టుకెళ్లాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ఎవరి గిన్నెలు ఎవరివో తెలియక మాటలు రావడం వల్లే చాలాచోట్ల భోజనం పంపడం ఆగిపోతుంది.

క్షయ ఉన్న ఇంటికి వెళ్లడానికి జనం భయపడతారు. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. నిక్షయ్ పోషణ యోజన కింద రోగి బ్యాంకు ఖాతాలో తిండి కోసం నెలకు 1,000 రూపాయలు పడతాయి. రెండో నెలకే ఒంట్లో బాగుందనిపించి మందులు ఆపేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఆపితే జబ్బు మందులకు లొంగని రూపంలో తిరిగి రావచ్చు. ఆరు నెలలూ వారానికోసారి ఫోన్ చేసి "మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగే ఒక మనిషిని అప్పగించడమే ఇక్కడ ఆదరణ.

ఒక విషయం స్పష్టంగా నమోదు చేస్తున్నాం. స్వస్థత కోసం ప్రార్థిస్తాం, నూనె రాసి ప్రార్థిస్తాం, నమ్మకంతోనే ప్రార్థిస్తాం. కానీ మందులు ఆపమని, ఆపరేషన్ వాయిదా వేసుకోమని సంఘం పేరుతో ఎవరూ చెప్పకూడదు. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి వైద్యం మొదలుపెట్టిన గుంటూరు మనది. మన పెద్దలు ప్రార్థననూ వైద్యాన్నీ ఎన్నడూ విడదీయలేదు.

మరణం జరిగిన ఇల్లు

మొదటి రోజు ఏం చెయ్యాలో మన సంఘానికి చెప్పనవసరం లేదు. పెట్టె, ఫ్రీజర్ బాక్సు, షామియానా, కుర్చీలు, సమాధి తవ్వే మనుషులు, కీర్తనల పుస్తకాలు అన్నీ గంటలో సమకూరుతాయి. జాగ్రత్త పడాల్సింది కాగితాల దగ్గర. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఇంట్లో చనిపోయినప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టదు. గడువు దాటితే ఆలస్య రుసుము, అదనపు అనుమతులు, పదే పదే తిరగడం. భూస్థాపన అయిన మరుసటి వారమే గుంపులో చదువుకున్న ఒకరు ఆ ఇంటివాళ్లతో కలిసి సచివాలయానికి వెళ్లాలి. ధ్రువపత్రం వచ్చాక కనీసం 5 కాపీలు తీయించి ఇవ్వాలి: బ్యాంకు, బీమా, రేషన్ కార్డు, పింఛను, ఇంటి పన్ను. భర్త పోయిన అక్కకు ఎన్టీఆర్ భరోసా వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు; దరఖాస్తుకు తోడు వెళ్లడం ఆదరణ కూడికలో ప్రసంగం చెయ్యడంకంటే తక్కువ పని కాదు.

మొదటి మూడు రోజులు ఆ ఇంట పొయ్యి వెలగనివ్వకుండా గుంపే వండి పంపుతుంది. ఆదరణ కూడిక ఇంటి దగ్గరే, గంటలో ముగియాలి. ప్రసంగం ఒక్కటే. ముగ్గురు పాస్టర్లను పిలిస్తే ముగ్గురూ మాట్లాడతారు, ఏడ్చి అలసిన మనుషులు కదలకుండా కూర్చోవాల్సి వస్తుంది.

జ్ఞాపకార్థ కూడిక భోజనాల గురించి పోయినేటి సమావేశంలోనే చర్చ జరిగింది. వడ్డీకి తెచ్చి వందలమందికి మాంసం భోజనం పెట్టి, ఆ అప్పు పిల్లల ఫీజుల మీద పడటం మన మధ్య జరుగుతూనే ఉంది. పులిహోర, పెరుగన్నం చాలు. ఇది పేద ఇళ్లకే నియమం అయితే అవమానంగా మారుతుంది కాబట్టి, మొదట కలిగినవాళ్లు, సంఘ పెద్దలు తమ ఇళ్లలో పాటించి చూపాలి. కొన్ని కుటుంబాలు ఇప్పటికే అలా చేశాయి. వాళ్లకు కృతజ్ఞతలు.

దుఃఖం ఎక్కువయ్యేది బంధువులు వెళ్లిపోయాక, రెండో నెలలో. ఇల్లు ఖాళీ అవుతుంది, ఫోన్లు ఆగిపోతాయి. అందుకే ప్రతి గుంపు నాయకుడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. చనిపోయిన తేదీ, ఆ మనిషి పుట్టినరోజు, పెళ్లిరోజు, రాబోయే క్రిస్మస్, ఈస్టర్ అందులో రాసి ఉంటాయి. ఆ రోజుల్లో ఇద్దరు వెళ్లి కూర్చోవాలి. చనిపోయిన మనిషి పేరు ఎత్తకూడదని కొందరు అనుకుంటారు. పేరు ఎత్తాలి. "ఈ కీర్తన బాబాయి గారు బాగా పాడేవారు కదా పిన్నీ" అంటే ఆవిడ ఏడవొచ్చు, ఆ ఏడుపు మంచిదే. ఏడ్చేవారితో ఏడవమని రోమా పత్రిక 12వ అధ్యాయం చెప్పింది.

ధైర్యం చెడినవాళ్లు

మనసు కుంగిన మనిషిని విశ్వాసం లేని మనిషిగా చూడటం సంఘాల్లో చాలా పాత తప్పు. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, కూడికలకు హఠాత్తుగా రాకపోవడం, వస్తువులు పంచిపెట్టేయడం, "నేను లేకపోతే మీకు బాగుంటుంది" అనడం, వీటిలో ఏది కనిపించినా గుంపు నాయకుడు ఆ రోజే వెళ్లాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా, మెల్లగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కర్లేదు. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుని చెబుతారు. అవునంటే ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే అదే రోజు తీసి వేరేచోట తాళంలో పెట్టించాలి. మిరప, పత్తి పండే మన ఊళ్లలో ఆవేశం వచ్చిన అరగంటలో చేతికందేది అదే. అందకుండా చేస్తే ఆ అరగంట గడుస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. అంబులెన్సుకు 108. ఈ రెండు నంబర్లు గుడి తలుపు దగ్గర, సండే స్కూల్ గదిలో పెద్దక్షరాలతో రాయించాం.

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చే వారం యూత్ నాయకులకు ప్రత్యేకమైన పని. ఫలితాలకు ముందే పరీక్ష రాసిన ప్రతి పిల్లవాడి ఇంటికి, ప్రతి ఆడపిల్ల ఇంటికి ఇద్దరు వెళ్తారు. పిల్లలకంటే తల్లిదండ్రులతోనే ఎక్కువ మాట్లాడాలి: మార్కులు తగ్గితే ఆ రోజు ఇంట్లో ఎవరూ తిట్టకూడదు, పక్కింటివాళ్లతో పోల్చకూడదు, పిల్లను ఒంటరిగా గదిలో ఉంచకూడదు. సప్లిమెంటరీ పరీక్షకు ఎప్పుడు, ఎక్కడ ఫీజు కట్టాలో ముందే చెప్పి ఉంచాలి. దారి ఉందని తెలిస్తే ఆ రాత్రి గడవడం తేలిక. ఇక్కడ ఒక విన్నపం. ఫలితాల తర్వాతి ఆదివారం ర్యాంకులు వచ్చినవాళ్లను ముందుకు పిలిచి శాలువా కప్పే అలవాటు మానుకోవాలి. అదే బెంచీలో తప్పిన పిల్లవాడు కూర్చుని ఉంటాడు. పరీక్ష రాసిన అందరినీ పిలిచి, అందరి మీదా చేతులుంచి ప్రార్థిస్తే చాలు.

దూరాన ఉన్నవాళ్లు

కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు అక్కడి సంఘాల్లో ఆరాధన శుక్రవారం. చాలామందికి ఆ సెలవూ దొరకదు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. పని ముగించుకుని వాళ్లు ఫోన్ పట్టుకునేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. కాబట్టి ఫోన్ కోసం ఎదురుచూడకుండా, ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపే పద్ధతి పెట్టుకున్నాం. పేరు పెట్టి పిలవాలి, వాళ్ల పిల్లల గురించి ఒక సంగతి చెప్పాలి, చిన్న ప్రార్థన చెయ్యాలి. ఎక్కడినుంచో వచ్చిన వాక్యం బొమ్మను ఫార్వర్డ్ చెయ్యడం ఇందులో లెక్కలోకి రాదు. అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న వాళ్ల పిల్లలకు బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంటే గుంపు నుంచి ఒకరు అమ్మమ్మకు తోడు వెళ్లి, టీచరు చెప్పింది ఆ తల్లికి అదే రాత్రి పంపాలి. ఆమెకు ఇంతకంటే పెద్ద ఆదరణ ఉండదని మా నమ్మకం.

ప్రార్థన విన్నపాలు, గుట్టు

ఒక ఇంటి విషయం ప్రార్థన పేరుతో ఊరంతా తిరిగితే, ఆ ఇంటివాళ్లు ఇక ఎన్నడూ నోరు విప్పరు. ఇప్పుడున్న నియమం: విన్నపం చెప్పినవాళ్లను "ఇది నాలోనే ఉంచనా, గుంపులో చెప్పనా, ఆదివారం గుడిలో చదవనా?" అని అడిగి, వాళ్లు చెప్పిందే విన్నపం చీటీ మీద రాయాలి. అడగకపోతే మొదటిదిగానే భావించాలి. కూతురు కాపురం, కొడుకు తాగుడు, హెచ్ఐవీ, అప్పులు గుడిలో ఎప్పుడూ చదవం. సంఘం వాట్సాప్ గ్రూపు ప్రకటనలకే. రోజుకు నలభై గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య మరణవార్త ఎవరికీ కనిపించకుండా పోతోంది కాబట్టి ఈ నియమం. సహాయం తీసుకునేవాళ్ల ఫొటోలు తీయకూడదు, ఎక్కడా పెట్టకూడదు.

బుద్ధి చెప్పాల్సిన చోట మత్తయి 18:15 చెప్పిన వరసే మన వరస: మొదట ఒక్కరే, ఏకాంతంగా. పెద్దల సభకు నేరుగా లాగడం చివరి మెట్టు. అక్కడితో మొదలుపెడితే మనిషి సంఘాన్నే వదిలేస్తాడు.

పిడికెడు బియ్యం

స్త్రీల సమాజం నడుపుతున్న ఈ పనికి కమిటీ కృతజ్ఞతలు. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. పిడికెడు అంటే సుమారు 35 నుంచి 40 గ్రాములు. రోజుకు రెండు పూటలు వేస్తే ఒక ఇంటి నుంచి నెలకు రెండు కిలోల పైచిలుకు. నెల మొదటి ఆదివారం గుడికి తెస్తారు.

చిక్కు బియ్యం కలవడంలో ఉంది. రేషన్ బియ్యం, సన్న బియ్యం కలిస్తే ఒకటి ఉడికేసరికి ఇంకోటి మెత్తబడుతుంది. రెండు డ్రమ్ములు వేరుగా పెట్టి, తెచ్చినప్పుడే వేరు చెయ్యాలి. వానాకాలంలో తడి తగిలితే ముక్కపురుగు పడుతుంది. ఎండబెట్టి, మూత బిగించి, ఎండు వేపాకు వేసి, రెండు నెలలకు మించి నిలవ ఉంచకుండా పంచేయాలి. ఒక ఇంటికి 10 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, పావుకిలో చింతపండు. పప్పూ నూనే కానుకల నుంచి. గుడిలో పేరు పిలిచి ఇవ్వరు. పొద్దుగూకాక గుంపు నాయకురాలు ఇంటికి తీసుకెళ్తుంది.

ఈ పనిలో కమిటీకి అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఒకటుంది. కొన్ని ఇళ్లు ఎప్పుడూ తీసుకునేవిగా, కొన్ని ఎప్పుడూ ఇచ్చేవిగా స్థిరపడిపోతాయి. అలా స్థిరపడితే ఆదరణ కాస్తా దానం అయిపోతుంది. తీసుకునేవాళ్లు తల వంచుకుని గుడికి వస్తారు, కొన్నాళ్లకు రావడం మానేస్తారు. రోమా సంఘాన్ని చూడాలని కోరుకున్న పౌలు, తాను వాళ్లను ఆదరించడమే కాదు, వాళ్ల విశ్వాసం వల్ల తానూ ఆదరణ పొందాలని రాశాడు (రోమా 1:12). అపొస్తలుడికే అది అవసరమైతే మనకు ఇంకెంత అవసరం. అందుకే బియ్యం అందుకునే ఇంట్లో కూడా పిడికెడు డబ్బా ఉంటుంది. వాళ్లూ వేస్తారు, వాళ్లూ తెస్తారు. మంచం పట్టిన ముసలమ్మకు రోజుకు ఇద్దరి పేర్లు ఇచ్చి వాళ్లకోసం ప్రార్థించమంటున్నాం. ఆ ఇద్దరికీ ఆ సంగతి తెలుస్తుంది, తీరిక చూసుకుని ఆమె దగ్గరికి వచ్చి ఏమైందో చెబుతారు. భర్తను పోగొట్టుకుని ఏడాది గడిచిన అక్కను, కొత్తగా ఆ దుఃఖం వచ్చిన ఇంటికి మాతో తీసుకెళ్తున్నాం. ఏడాది కాకముందే తీసుకెళ్తే ఆమె గాయమే తిరిగి రేగుతుంది. ఆ తొందర పనికిరాదు.

ఆదరించేవాళ్ల సంగతి

పరామర్శకు వెళ్లేవాళ్లకు ఒకేసారి రెండు కుటుంబాలకు మించి అప్పగించకూడదు. తొమ్మిది నెలలు చేశాక మూడు నెలలు విడుపు. క్యాన్సర్ ఇంటికి, చనిపోయిన పిల్లవాడి ఇంటికి వరసగా తిరిగిన మనిషి మాట మొద్దుబారుతుంది. కళ్లలో నీళ్లు రావు, ప్రార్థన అలవాటు మాటలుగా మిగులుతుంది. అది ఆ మనిషి లోపమని అనుకోకూడదు, అలసట అది. పాస్టరు గారి కుటుంబాన్ని కూడా ఇందులో చేర్చాలి. వారానికి ఒక రోజు, చావు తప్ప మరే కబురూ వారి ఇంటికి వెళ్లకూడదు. అమ్మగారిని స్త్రీల సమాజం పనికోసమే కాకుండా, ఊరికే పలకరించడానికి వెళ్లేవాళ్లు కావాలి. గుడి తుడిచే అన్న, గంట కొట్టే తాత, మైకు సర్దే తమ్ముడు కూడా ఎవరో ఒకరి గుంపులో పేరున్నవాళ్లు అయ్యుండాలి. ఈ ఏడాది జాబితా సరిచూస్తే ఏ గుంపులోనూ లేనివాళ్లలో వీళ్లే ముందు కనిపించారు, ఇప్పుడు చేర్చాం.

సమావేశం ఆమోదానికి

పరామర్శ కమిటీ కోరుతున్నవి ఇవి. జ్ఞాపకార్థ కూడికల్లో సాదా భోజనం అన్న తీర్మానాన్ని సంఘ పెద్దల కుటుంబాలతో మొదలుపెట్టి అమలు చెయ్యాలి. ఫలితాల ఆదివారం శాలువాల బదులు పరీక్ష రాసిన అందరికోసం ప్రార్థన జరగాలి. రెండో బియ్యం డ్రమ్ము, 10 మూడు గిన్నెల క్యారియర్లు కొనడానికి అనుమతి ఇవ్వాలి. మిరప కోతలు మొదలయ్యేలోగా, అంటే క్రిస్మస్‌కు ముందే, కొత్త గుంపు నాయకులకు రెండు శనివారాలు శిక్షణ పెట్టాలి. అందులో ఒక పూట ప్రభుత్వ ఆసుపత్రి నర్సు ఒకరితో డయాలసిస్, షుగర్, క్షయ జాగ్రత్తలు చెప్పించాలి. గుంపు నాయకత్వానికి పేర్లు ఇవ్వదలచినవాళ్లు, ఈ పనిలో విడుపు కావాలనుకునేవాళ్లు, ఏ గుంపులోనూ తమ పేరు లేదని గమనించినవాళ్లు వచ్చే రెండు ఆదివారాల్లో ఆరాధన తర్వాత వెస్ట్రీ గదిలో కమిటీ కార్యదర్శిని కలవాలి.

ప్రభువు సేవలో,
సంఘ పరామర్శ కమిటీ